ఎడమ పక్క, కుడి పక్క

కుక్క మాది కాదు. మస్కట్‌కి చాలా దూరంలో, దుక్మ్‌లో మా సైట్‌కి చీఫ్ సర్వేయర్‌గా ఉన్న దక్షిణాఫ్రికా ఆయనది. వాళ్ల దేశంలో వేటకి తీసుకెళ్లే జాతి అని చెప్పేవాడు. గోధుమ రంగు ఒళ్లు, వీపు మీద వెంట్రుకలు ఎదురు తిరిగి ఒక గీతలా ఉండేవి. నిలబడితే తల నా నడుం దాటి వచ్చేది. దానికి ఆయన పెట్టిన పేరు వాళ్ల భాషలోది. గొంతులోంచి పలకాలి. నాకు ఎప్పుడూ సరిగ్గా రాలేదు.

రెండు వేల తొమ్మిదిలో ఫిబ్రవరి నెలాఖరున కంపెనీ సగం మందిని తీసేసింది. ఆ లిస్టులో ఆయన పేరూ ఉంది, నా పేరూ ఉంది. ఆయన వారంలో వెళ్లిపోవాలి. కుక్క విమానం ఎక్కాలంటే రక్తం తీసి వేరే దేశంలో లాబుకి పంపాలి, రిపోర్టు రావాలి, ఆ తర్వాత ఇంకొన్నాళ్లు ఆగాలి. అంతా కలిపి మూడు నాలుగు నెలలు.

"నీకు సువైక్‌లో ఇల్లుంది కదా," అన్నాడు నాతో. "అంతవరకు ఉంచుకో. కాగితాలు రాగానే పిలిపించుకుంటాను."

ఉంచుకుంటానన్నాను. ఆ వారం ఎవరు ఏమడిగినా సరే అన్నాను. హెల్మెట్ ఇచ్చెయ్యమంటే ఇచ్చాను. రూమ్ ఖాళీ చెయ్యమంటే చేశాను. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టాను. కుక్కని తీసుకెళ్లమంటే, బండి వెనక సీట్లో దుప్పటి పరిచి ఎక్కించుకున్నాను. దుక్మ్ నుంచి సువైక్ దాకా రోజంతా ప్రయాణం. దారి పొడుగునా అది నా సీటు వెనక తల పెట్టుకుని కూచుంది. రెండుసార్లు పెట్రోలు బంకుల దగ్గర ఆపి నీళ్లు పట్టాను.

నా భార్య సువైక్‌లో ప్రభుత్వాసుపత్రిలో నర్సు. అప్పటికి ఎనిమిదేళ్లుగా అక్కడే చేస్తోంది. నరసాపురం వైపు వాళ్లు. మిషన్ ఆసుపత్రిలో చదువుకుని వచ్చింది. నేను దుక్మ్ క్యాంపులో, ఆమె సువైక్‌లో. రెండు వారాలకోసారి నేను ఇంటికి వచ్చేవాణ్ణి. ఆ రోజు ఆమె గేటు దగ్గరే నిలబడి ఉంది. బండిలోంచి కుక్క దిగడం చూసి రెండడుగులు వెనక్కి వేసింది.

"ఇంత పెద్దదని చెప్పలేదేవండీ?"

"చెప్పాననుకున్నాను."

అది వెళ్లి ఆమె చెయ్యి వాసన చూసింది. ఆమె బెదిరిపోయి, తర్వాత నవ్వింది. వారం తిరిగేసరికి అది ఆమె మనిషి అయిపోయింది. నాకు అది 'కుక్క'. ఆమెకి 'వీడు'. ఆసుపత్రి నుంచి వచ్చేసరికి వీడు గేటు దగ్గర ఉండాలి, వీడు తిన్నాడా లేదా ముందు చెప్పాలి.

మేమున్నది ఒక పెద్దాయన ఇంటి పక్క వాటా. ఆయన బలూచీ. వెనక ఖర్జూరం తోట, ఆ వెనక సముద్రం. ఆ బాతినా తీరంలో అందరిలాగే ఆయనకీ హిందీ బాగా వచ్చు. మొదటి రోజు నుంచి నన్ను 'ముహందిస్' అనేవాడు, అంటే ఇంజినీరు అని. నేను సర్వేయర్ని అని ఒకటి రెండుసార్లు చెప్పి ఊరుకున్నాను. ఉద్యోగం పోయి, నా వీసా భార్య ఉద్యోగం మీదకి మార్చుకున్నాక కూడా అలాగే పిలిచాడు. కుక్కని చూసి గేటు బయటే ఆగి, ఆవరణలో ఉంచుకోవచ్చు గానీ ఇంట్లోకి రానివ్వకూడదు అన్నాడు. కుక్క ఉన్న ఇంట్లోకి దేవదూతలు రారు, ఆ ఇల్లు తన తండ్రి కట్టించినది, అందుకని. సరే అన్నాను.

మార్చి, ఏప్రిల్ అలా గడిచాయి. పొద్దున్న భార్య డ్యూటీకి వెళ్లాక కుక్కని సముద్రం దాకా తీసుకెళ్లి తెచ్చేవాణ్ణి. రోజు మొత్తంలో నేను చేసే పని అదొక్కటే. నాలుగైదు కంపెనీలకి కాగితాలు పంపాను. జవాబులు రాలేదు. బాధపడ్డానా అంటే, లేదు. బాధ అంటే ఏదో కదలాలి కదా లోపల. చెవుల్లో దూది పెట్టుకుని తిరుగుతున్నట్టుండేది. ఎవరో మాట్లాడతారు, వినిపిస్తుంది, జవాబు చెప్తాను. అంతే.

మే నెలలో ఒక ఉదయం గిన్నె చప్పుడు చేస్తే కుక్క రాలేదు. వెళ్లి చూస్తే వేపచెట్టు కింద పడుకుని ఉంది. నన్ను చూసి ముందు కాళ్ల మీద లేచింది. వెనక భాగం లేవలేదు. మళ్లీ లేచింది. వెనక కాళ్లు రెండూ ఒకే పక్కకి, ఎవరో విడిచిన బట్టల్లా పడి ఉన్నాయి. అది వెనక్కి తిరిగి వాటిని చూసుకుంది. తర్వాత నన్ను చూసింది. అరవలేదు.

నేను గిన్నె కింద పెట్టి, దాని పక్కన కూచున్నాను. ఎంతసేపు కూచున్నానో తెలీదు. ఎండ మా మీదకి వచ్చాక భార్యకి ఫోన్ చేశాను.

ఊళ్లో పశువుల ఆసుపత్రి ఉంది. మేకలూ ఒంటెలూ వచ్చే చోటు. అక్కడి డాక్టరు సూడాన్ మనిషి, నెమ్మదస్తుడు. మేకల్ని తూచే కాటా మీద నలుగురం కలిసి దాన్ని పడుకోబెడితే నలభై ఆరు కిలోలు తూగింది. వెనక కాలి వేళ్ల మధ్య గట్టిగా గిల్లాడు. కుక్క తిరిగి చూడలేదు. సూదితో గుచ్చాడు. చూడలేదు.

"ఇది వెన్నుపూస. నాకు తెలిసింది ఇంతే," అన్నాడు. మస్కట్‌లో కుక్కల్ని చూసే డాక్టరుందని అడ్రసు రాసిచ్చాడు.

మర్నాడు మస్కట్ తీసుకెళ్లాం. ఎక్స్‌రే తీశారు. వెన్నుపూసల మధ్య మెత్తటి బిళ్ల జారి నరాన్ని నొక్కేసిందన్నారు. ఆపరేషన్ ఈ దేశంలో చేసేవాళ్లు లేరు. ఈ స్థితిలో విమానంలో ఎక్కించుకోరు. కొన్ని వాటంతట అవే కొంత కోలుకుంటాయి, ఎక్కువ భాగం కోలుకోవు. ఇంట్లో చూసుకోవాలంటే చాలా పని. లేదంటే ఇంజెక్షన్ ఇచ్చి శాశ్వతంగా నిద్రపుచ్చవచ్చు, ఆలోచించుకుని చెప్పండి అన్నాడు ఆ డాక్టరు.

డాక్టరూ నా భార్యా నా వైపు చూశారు. బల్ల మీద ఎక్స్‌రే కవరు ఉంది. దాని మీద జంతువు పేరు అనే చోట ఖాళీ వదిలేశారు. దాన్నే చూస్తున్నాను.

"ఇంటికి తీసుకెళ్తాం," అంది నా భార్య. బయటికి వచ్చాక, "మా వార్డులో ఇలాంటి వాళ్లని రోజూ చూస్తున్నాం కదండీ. యాక్సిడెంటు కేసులు. మనుషుల్ని చూసినప్పుడు వీణ్ణి చూడలేమా?" అంది.

ఆమెకి రోజూ డ్యూటీ. చూసేది నేనే. ఆ మాట ఇద్దరిలో ఎవరం అనలేదు.

ఆ సాయంత్రం ఆమె నాకు పని నేర్పింది. వార్డులో కొత్తగా చేరిన అమ్మాయికి చెప్పినట్టే చెప్పింది. సూక్‌లో, అంటే బజార్లో, దళసరి ఫోమ్ పరుపు కొని, దాని మీద ప్లాస్టిక్ షీటు, షీటు మీద పాత దుప్పటి. మూడు గంటలకోసారి పక్క మార్చాలి. మార్చేటప్పుడు నడుం మెలితిరగకూడదు, భుజమూ తుంటీ ఒకేసారి తిరగాలి. కాళ్ల మధ్య చిన్న దిండు. మూత్రం దానంతట అది రాదు, పొట్టకి రెండు వైపులా అరచేతులు పెట్టి, వేళ్లతో సంచిని వెతికి పట్టుకుని, వెనక్కి నెమ్మదిగా నొక్కాలి.

"నారింజపండు మీద వేసినంత బలం చాలండీ. పిండెయ్యకండి."

"దొరకట్లేదు."

"దొరుకుతుంది. ఇదిగో, ఇక్కడ. నా చెయ్యి మీద మీ చెయ్యి పెట్టండి."

పెళ్లయి పదకొండేళ్లయింది. ఆమె పని చేస్తుండగా నేను చూడటం అదే మొదటిసారి.

మొదటి వారం చేతకాలేదు. నలభై ఆరు కిలోల బరువు, సగం ఒళ్లు మనకి సాయం చెయ్యదు, మిగిలిన సగం భయంతో ఎదురు తిరుగుతుంది. ఒకసారి ముందు కాళ్లతో నా మెడ మీద గీరింది. ఆ మర్నాడు అనుకుంటాను, గోడ అవతల నుంచి ఒక గొంతు వినిపించింది.

"ఏంన్నా, అట్ల బొచ్చు పట్టుకుని గుంజితే అదేం తిరుగుతాది? ఎముక పట్టుకోవల్ల."

పెద్దాయన ఇంట్లో పనిచేసే కడప ఆమె. మంచాన ఉన్న ఆయన తల్లిని చూసుకోవడానికి వచ్చి నాలుగేళ్లయింది. బట్టలు ఆరేస్తూ నా అవస్థ చూస్తోంది. నేను ఏమీ అనకముందే చుట్టూ తిరిగి గేటులోంచి వచ్చేసింది. కుక్క కింద ఉన్న దుప్పటిని రెండు అంచులా పట్టుకుని, నన్ను అవతలి అంచులు పట్టుకోమంది.

"నేను ఊ అంటాను, నువ్వు ఎత్తు. మనిషిని ఎత్తొద్దు, గుడ్డను ఎత్తు. ఊ, ఇప్పుడు."

కుక్క మెత్తగా ఇటు నుంచి అటు తిరిగింది. అరవలేదు, గీరలేదు.

"మా ముసలమ్మను నాలుగేండ్లుగా తిప్పుతాండా. ఒక్క పుండు గూడా పడనీలే," అంది. తర్వాత కొళాయి దగ్గరికి వెళ్లి చేతులు కడుక్కుంది. ఒకసారి కాదు. పక్కనున్న మట్టి తీసుకుని ఒకసారి రుద్దుకుని, మళ్లీ నీళ్లతో, పెదవులు కదిలిస్తూ లెక్కపెట్టుకుని ఏడుసార్లు కడుక్కుంది. "కుక్కను ముట్టుకుంటే ఈళ్లింట్లో ఇట్ల కడగల్ల. ముసలమ్మకు అన్నం పెట్టే చేతులు గదా," అంది.

ఆ తర్వాత రోజుకోసారైనా వచ్చేది. వచ్చిన ప్రతిసారీ ఆ ఏడుసార్ల కడుగుడు ఉండేది. రేగాకు నీళ్లలో మరగబెట్టి తుడిస్తే ఒంటికి మంచిదని ఆమే చెప్పింది. ముసలమ్మకి అలాగే చేస్తారట. మా ఆవిడ ముందు ఒప్పుకోలేదు. తర్వాత ఒప్పుకుంది.

జూన్ వచ్చేసరికి ఆవరణలో ఉంచడం కుదరని పని అయింది. పొద్దున్న తొమ్మిదికే గాలి పొయ్యి మీంచి వచ్చినట్టుండేది, తడిబట్ట కప్పినా కుక్క నాలుక లోపలికి పోయేది కాదు. ఒక మధ్యాహ్నం నేను దాన్ని దుప్పటితో పాటు ఈడ్చి మా ముందుగదిలోకి తెచ్చి ఏసీ వేశాను. మాట తప్పుతున్నానని తెలుసు. తప్పుతున్నాననే బాధ కలగలేదు. నాలుగు రోజులకి పెద్దాయన ఏదో పని మీద వచ్చి, తెరిచి ఉన్న తలుపులోంచి చూశాడు.

ఆయన అరవలేదు. గడప బయటే నిలబడి గడ్డం నిమురుకున్నాడు.

"ముహందిస్, అందర్ నహీ బోలా థా," అన్నాడు. లోపలికి వద్దన్నాను కదా అని.

"బయట ఉంచితే చచ్చిపోతుంది," అన్నాను నేను హిందీలో.

కుక్క ఆయన్ని చూసి ముందు కాళ్ల మీద లేవబోయి, సగంలో ఆగి, మళ్లీ పడుకుంది. ఆయన కాసేపు చూశాడు. వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. ఇల్లు ఖాళీ చెయ్యమంటాడు అనుకున్నాను. ఎక్కడికి వెళ్లాలి అని ఆలోచించడానికి కూడా నాకు ఓపిక లేదు.

మర్నాడు తాళంచెవి పట్టుకుని వచ్చాడు. ఆవరణ చివర తోట పనివాళ్లు ఒకప్పుడు పడుకున్న గది ఉంది. అందులో ఖర్జూరం బుట్టలు, పాత నీటి మోటారు పడేసి ఉన్నాయి. గోడకి కిటికీ ఏసీ ఉంది. ఆయనే స్విచ్ వేశాడు. అది పెద్ద మోతతో మొదలైంది.

"ఇది ఇల్లు కాదు, గోదాము," అన్నాడు. "ఇక్కడ ఉంచుకో. మీ ముందుగది నేల ఏడుసార్లు కడుగు. ఒకసారి మట్టితో."

కడిగాను. కడప ఆమె గోడ మీంచి చూస్తూ లెక్కపెట్టింది.

అప్పటినుంచి ఆ గదే నా డ్యూటీ అయింది. ఆరింటికి పక్క మార్చడం, పొట్ట నొక్కడం, తుడవడం. ఏడున్నరకి తిండి. తొమ్మిదికి పక్క మార్చడం. సాయంత్రం ఎండ తగ్గాక తువ్వాలు మడిచి దాని పొట్ట కింద నుంచి పోనిచ్చి, వెనక భాగం నేను ఎత్తి పట్టుకుంటే, అది ముందు కాళ్లతో నడిచేది. గేటు దాకా, గేటు నుంచి సందు చివరి దాకా. మేకలు నిలబడి చూసేవి. వెనక నుంచి నేను, ముందు అది, ఒక్కో అడుగూ. కుక్కకి మాత్రం ఆ పది నిమిషాలు పండగే. తోక ఊగేది కాదు గానీ చెవులు రెండూ నిక్కేవి.

జూలైలో ఒక రోజు దుక్మ్ నుంచి పాత స్నేహితుడు ఫోన్ చేశాడు. సైట్ మళ్లీ మొదలైందనీ, సర్వేకి కొత్తవాళ్లు నలుగురిని తీసుకున్నారనీ చెప్పాడు. "నిన్ను పిలవలేదా?" అన్నాడు. లేదన్నాను. ఫోన్ పెట్టేసి కుర్చీలో కూచున్నాను. అప్పుడు తొమ్మిది కావస్తోంది. గోడ మీద ఒక బల్లి ఉంది, అది ట్యూబులైటు వెనక్కి వెళ్లింది. మళ్లీ వచ్చింది. నేను లేవాలని తెలుసు. అవతల గదిలో ఏసీ మోత వినిపిస్తూనే ఉంది. కాళ్లకి ఏమీ కాలేదు. లేవలేదు, అంతే.

మూడున్నరకి నా భార్య డ్యూటీ నుంచి వచ్చింది. రోజూలాగే ముందు ఆ గదికి వెళ్లింది. చాలాసేపు రాలేదు. నేను వెళ్లి చూసేసరికి యూనిఫాంతోనే నేల మీద మోకాళ్ల మీద కూచుని ఉంది. తడిసిన దుప్పటి ఒక పక్క, తువ్వాలు ఒక పక్క. కుక్క ఎడమ తుంటి మీద అరచేతంత మేర చర్మం ఎర్రగా, మధ్యలో నల్లగా అయి ఉంది.

తల ఎత్తకుండానే అంది. "మీరు రోజంతా ఇంట్లోనే ఉన్నారు కదండీ."

ఆమె మళ్లీ అడగలేదు. గట్టిగా తిట్టి ఉంటే ఏదైనా చెప్పేవాణ్ణేమో. ఆమె తుడిచింది, దుప్పటి మార్చింది, కుక్క చెవుల వెనక కాసేపు నిమిరింది. కుక్క ఆమె చెయ్యి నాకింది. తర్వాత గుమ్మంలో నిలబడ్డ నా చెయ్యి నాకడానికి మెడ చాపింది. అందలేదు. నేను ముందుకి వెళ్లలేదు.

నాలుగు రోజులకి ఆ చోటు పుండు పడింది. వేలు పెడితే దిగేంత లోతు. ఆమె వార్డు నుంచి ఒక చార్టు జిరాక్స్ తీయించి తెచ్చింది. గంటలు ఒక వరస, ఎడమ పక్క, కుడి పక్క, బోర్లా అని గడులు, చివర సంతకం. "మా దగ్గర ఎవరు తిప్పితే వాళ్లు సంతకం పెడతారు," అని గోడకి అంటించింది. నేను సంతకం పెట్టడం మొదలుపెట్టాను. తొమ్మిది, కుడి పక్క, సంతకం. పన్నెండు, బోర్లా, సంతకం. ఎడమ పక్క గడులు రెండు నెలల పాటు ఖాళీగా ఉన్నాయి. ఆ వేసవిలో నేను సంతకం పెట్టిన కాగితాలు అవే.

రోజుకి రెండుసార్లు సెలైన్‌తో కడిగి గాజుగుడ్డ పెట్టి కట్టు కట్టాలి. నా చేతులకి ఆ పని వచ్చేసింది. వాసనకి మొహం పక్కకి తిప్పుకోవడం మానేశాను. అది ప్రేమ అని నా భార్య ఒకసారి అంది. నాకు అలా అనిపించలేదు. గంట అయింది, చేశాను.

చీఫ్‌కి చెప్పాలని ఆమే పట్టుబట్టింది. మేలోనే ఒక మెసేజ్ పంపాను, కుక్కకి ఒంట్లో బాగోలేదని. ఇప్పుడు ఫోన్ చేసి మొత్తం చెప్పాను. వెన్నుపూస, మూత్రం, పుండు. సైట్ రిపోర్టు చదివినట్టు చెప్పాను. చివరికి వచ్చేసరికి అవతల చప్పుడు లేదు. లైను పోయిందనుకున్నాను. తర్వాత ఆయన ఏడుస్తున్నాడని అర్థమైంది. ఆరడుగుల పైన మనిషి, ఎండలో పన్నెండు గంటలు నిలబడి మనుషుల్ని తిట్టే మనిషి, వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. నేను ఫోను చెవికి పెట్టుకుని వింటూ నిలబడ్డాను. ఎంత తేలిగ్గా వస్తోంది ఈయనకి, అనుకున్నాను. కొంచెం అసూయ వేసింది.

"స్పీకర్ పెట్టు," అన్నాడు కాసేపటికి. "దాని దగ్గర పెట్టు."

పెట్టాను. ఆయన దాన్ని పేరు పెట్టి పిలిచాడు. నాకు ఎప్పుడూ రాని ఆ గొంతు శబ్దంతో, రెండుసార్లు.

కుక్క ఫోను వైపు చూడలేదు. తలుపు వైపు చూసింది. ముందు కాళ్లు బిగబట్టి, మెడ చాచి, లేవడానికి ప్రయత్నించింది. ఒళ్లంతా వణికింది. నేను దాని ఛాతీ మీద చెయ్యి పెట్టి ఆపాను. లేకపోతే ఈడ్చుకుంటూ వెళ్లిపోయేలా ఉంది. గుండె నా అరచేతిలో కొట్టుకుంది.

"లేచిందా?" అన్నాడు ఆయన.

"చెవులు ఎత్తింది," అన్నాను.

"నీకు ఏది మంచిదనిపిస్తే అది చెయ్యి," అని పెట్టేశాడు. ఆయన మంచివాడే. కాగితాలు వచ్చి ఉంటే తప్పకుండా తీసుకెళ్లేవాడు. ఆ తర్వాత రెండు రోజులు కుక్కని ఏ పక్కకి తిప్పినా మెడ మాత్రం తలుపు వైపే తిప్పుకుంది. మూడో రోజు మానేసింది.

పుండు మానడానికి సెప్టెంబరు చివరిదాకా పట్టింది. రంజాన్ నెలంతా పెద్దాయన ఇంటి నుంచి సాయంత్రం పూట హరీస్ వచ్చేది. గోధుమలూ మాంసమూ కలిపి మెత్తగా ఉడికించిన వంటకం. కడప ఆమె పళ్లెం గోడ మీద పెట్టి, "ఇది మీకు, కుక్కకు గాదు. మా పెద్దాయన అడిగినాడు, కుక్కకు పెడతారేమో అని," అని నవ్వేది. పండగ దాటిన మూడు రోజులకి కట్టు విప్పితే లోపల నుంచి లేత గులాబీ రంగు చర్మం మూసుకుని ఉంది. నా భార్య వేలితో తాకి చూసి, లేచి నిలబడి, నా భుజం మీద నుదురు ఆనించింది. ఆమెకి సంతోషంగా ఉందని తెలుస్తోంది. నేను ఆమె వీపు మీద చెయ్యి వేశాను.

అక్టోబరు చివర గాలి చల్లబడింది. అప్పుడే కుక్కకి జ్వరం మొదలైంది. మూత్రం చిక్కగా, దుర్వాసనతో రాసాగింది. సూడాన్ డాక్టరు రెండు వారాలు రోజూ తన డ్యూటీ అయ్యాక వచ్చి ఇంజెక్షన్ ఇచ్చాడు. ఒకసారి తగ్గింది, మళ్లీ వచ్చింది. తిండి మానేసింది. తువ్వాలు పట్టి లేపితే ముందు కాళ్లు కూడా నిలవలేదు.

"ఇన్‌ఫెక్షన్ కిడ్నీలకి ఎక్కింది," అన్నాడు డాక్టరు. నా భార్య తలూపింది. ఆమెకి ముందే తెలుసు.

ఆ సాయంత్రం వంటింట్లో నిలబడి, "ఇక చాలండి," అంది. "వీడికి నొప్పి పైభాగానికి వచ్చేసింది. ఇన్నాళ్లూ కింద తెలీలేదు కాబట్టి ఉంచాం. ఇప్పుడు ఉంచడం మన కోసం."

సరే అన్నాను.

గురువారం సాయంత్రం డాక్టరు వచ్చాడు. నా భార్య గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. వార్డులో ఎంతమంది కళ్లు మూసిందో లెక్కలేదు. అలాంటిది, "నేను రాలేనండీ. మీరుండండి," అని వేపచెట్టు కిందకి వెళ్లి నిలబడింది. నేను పరుపు మీద కూచుని కుక్క తల ఒళ్లో పెట్టుకున్నాను. ముందు ఒక ఇంజెక్షన్, నిద్ర రావడానికి. అది నా మోచేతిని ఒకసారి వాసన చూసి, ఊపిరి పెద్దగా వదిలింది. తర్వాత రెండోది. డాక్టరు స్టెత్ పెట్టి విని, అరబ్బీలో ఏదో అని, నా భుజం తట్టాడు. ఏసీ మోగుతూనే ఉంది. నేను తల ఇంకాసేపు పట్టుకున్నాను, ఎప్పుడు దించాలో ఎవరూ చెప్పలేదు కాబట్టి.

పెద్దాయన పికప్ తెచ్చి గేటు ముందు పెట్టాడు. మేము చెప్పలేదు, కడప ఆమె చెప్పి ఉంటుంది. కుక్కని ఆయన ముట్టుకోలేదు. వెనక తలుపు దించి పట్టుకుని నిలబడ్డాడు. నేనూ నా భార్యా కడప ఆమే దుప్పటి అంచులు పట్టుకుని ఎత్తాం. తోటకి అటు చివర, సముద్రం వైపు, నేలలో ఉప్పు ఎక్కి ఖర్జూరాలు ఎండిపోయిన వరస ఒకటుంది. అక్కడ ఆయన మనిషి చేత గొయ్యి తవ్వించి ఉంచాడు. బాగా లోతుగా.

"ఉస్కా రిజ్క్ ఇత్నా థా," అన్నాడు పెద్దాయన. భూమ్మీద దానికి రాసిపెట్టిన తిండి ఇంతే అని.

కడప ఆమె పైకే ఏడ్చింది. "ఏంరా, ఇంత సేవ చేయించుకుని పోతివి గదరా," అంటూ, మనిషిని అన్నట్టే. నా భార్య చప్పుడు లేకుండా ఏడ్చింది. నేను పార అడిగి తీసుకుని మట్టి వేశాను. సగం దాకా వేసేసరికి నడుం పట్టేసింది. మిగతాది ఆయన మనిషి వేశాడు.

మర్నాడు ఆ గది కడిగాను. చార్టులన్నీ గోడ మీంచి తీసి మడతపెట్టి బీరువా మీద పెట్టాను. తర్వాత అవి ఏమయ్యాయో తెలీదు. చీఫ్‌కి మెసేజ్ పంపాను. ఆయన చాలా పొడుగ్గా జవాబు రాశాడు.

నెల తర్వాత మస్కట్ నుంచి ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది. మళ్లీ దుక్మ్ సైట్‌కే, వేరే కంపెనీ. అక్కడ హమ్రియా పేటలో తెలిసినవాళ్ల రూమ్‌లో స్నానం చేసి, చొక్కా ఇస్త్రీ చేసుకుని వెళ్లాను. మేనేజరు గుంటూరు వైపు మనిషి, యాభై పైన ఉంటాయి. నా బయోడేటాలో ఊరు చూసి తెలుగులోకి మారాడు. పని గురించి రెండు మూడు అడిగి, పెన్నుతో ఒక చోట ఆపాడు.

"ఫిబ్రవరి నుంచి ఖాళీ ఉందే. ఏం చేశారు?"

"ఇంట్లో ఒకరికి బాగోలేదండీ. చూసుకున్నాను."

"ఏమైంది?"

"నడుం కిందంతా పడిపోయింది."

"అయ్యో. నాన్నగారా?"

కాదనాలి. అవునన్నాను. ఎందుకన్నానో తెలీదు. మాట అలా వచ్చేసింది.

ఆయన పెన్ను కింద పెట్టాడు. "ఇక్కడికే తెచ్చుకున్నారా? మంచిపని చేశారండీ. మా నాన్న మూడేళ్లు మంచంలో ఉన్నాడు. నేను రెండుసార్లు వెళ్లొచ్చాను, అంతే. డబ్బు పంపాను. మనిషిని పెట్టాను." కాసేపు కిటికీ వైపు చూశాడు. "ఇప్పుడెలా ఉన్నారు?"

"పోయారండీ. పోయిన నెల."

ఆయన లేచి బల్ల చుట్టూ తిరిగి వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. నేను లేచి నిలబడ్డాను. కళ్లు తడిశాయి ఆయనకి. ఆ పరామర్శ నాది కాదని తెలుసు. అయినా తీసుకున్నాను.

"మా నాన్నకి వీపంతా పుండ్లండీ," అన్నాడు మెల్లగా. "మీ నాన్నగారికి?"

"ఒకటే పడింది. ఎడమ తుంటి మీద. నా పొరపాటు వల్లే. మానిపోయింది."

ఆయన తలూపాడు. చెయ్యి వదల్లేదు.

బయటికి వచ్చి భార్యకి ఫోన్ చేశాను. ఉద్యోగం వచ్చిందని చెప్పాను. జరిగిందంతా కూడా చెప్పాను. అవతల వార్డులో ట్రాలీ చక్రాల చప్పుడు వినిపిస్తోంది.

"మామయ్యగారు పోయి పన్నెండేళ్లయింది కదండీ," అంది చివరికి.

"తెలుసు."

"మరి?"

"ఆయన అడిగాడు. అవునన్నాను."

ట్రాలీ చప్పుడు ఆగింది. కోపం వచ్చిందేమో అనుకున్నాను. తర్వాత, "ఎప్పుడు చేరమన్నారు?" అంది.

"శనివారం."

"సరే. ఏదైనా తిని బయల్దేరండి. ఖాళీ కడుపుతో రావద్దు."

హమ్రియాలో భోంచేశాను. పప్పు బాగుంది, రెండోసారి వేయించుకున్నాను. తర్వాత సువైక్ వెళ్లే షేర్ టాక్సీలో నాలుగో మనిషి కోసం అరగంట కూచున్నాం. ఎవరూ రాకపోతే ముగ్గురితోనే బయల్దేరింది.